కొండచిలువకు మచ్చిక కలదా?

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రహదారిపై చిల్లకల్లు దగ్గర ఆగి నలువైపుల చూచినచో కనబడునది చాలవరకు మెట్టభూమి. పత్తి, మిరప, కంది చేలు. నడుమ నడుమ సున్నపురాతి గుట్టలు. వానలకు పొంగి వేసవికి ఇసుకమేటలై మిగులు వాగులు. నాగార్జునసాగరు ఎడమకాలువ వచ్చిన పిదప జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతములలో కొన్ని ఊళ్లకు వరిమళ్లును అబ్బినవి. వరి ఉన్నచోట ఎలుకయు పందికొక్కును ఉండును. అవి ఉన్నచోటికి పాము వచ్చుట సహజము. కాలువ తూములలోనో, గడ్డివాము క్రిందనో, కోతకు వచ్చిన చేనిలోనో ఒక కొండచిలువ బయటపడినదను మాట ఇటువంటి ఊళ్లలో అప్పుడప్పుడు వినబడుచుండును.

అప్పుడు జనము రెండు జట్లగుట మనమెరిగినదే. ఒక జట్టు దుడ్డుకఱ్ఱలు పట్టుకొని వచ్చును. రెండవ జట్టు, ఈ పదిపదునైదేండ్లలో పెరిగిన జట్టు, సెల్‌ఫోను పట్టుకొని వచ్చును. మొదటివారికి అది రాక్షసి. రెండవవారికి అది విషము లేని మెత్తని జంతువు. మెడలో వేసికొని ఫొటో దిగదగిన వింతదండ. “దీనికి విషము లేదు, ఏమియు చేయదు, నాలుగు కోడిపిల్లలు వేసినచో మచ్చికయగును” అని చెప్పు పెద్దమనిషి ఒకడు ప్రతి గుంపులోను తప్పక ఉండును. నేటి మా ప్రసంగము ముఖ్యముగా ఆ పెద్దమనిషి నుద్దేశించినది. కఱ్ఱ పట్టుకొన్నవానికి చెప్పవలసినది కొంచెమే. మచ్చిక చేయుదునన్నవానికి చెప్పవలసినది చాల ఉన్నది.

ముందు పేరు సంగతి చూతము. కొండచిలువ, పెనుబాము అను పేర్లు నేడు వాడుకలో నున్నవి. రెండువందల ఏండ్లకు పూర్వము మన తీరమున దీనిని పెద్దపొడ యనెడివారు. పొడ యనగా మచ్చ. ఈ మాట గ్రంథస్థమై మిగిలినది పాట్రిక్ రస్సెల్ అను స్కాట్లండు వైద్యుని వలన. ఆయన 1780 ప్రాంతపు దశకములో విశాఖపట్టణమున నుండి, ఈస్టిండియా కంపెనీ పక్షమున ప్రకృతిశాస్త్రజ్ఞుడుగా పనిచేసి, కోరమాండలు తీరపు పాములను సేకరించి, రంగుబొమ్మలతో 1796లో లండనులో ఒక పెద్ద గ్రంథము ప్రకటించెను. స్థానికులు చెప్పిన తెలుగుపేర్లను ఉన్నవున్నట్లు ఆంగ్లలిపిలో వ్రాసిపెట్టుట ఆయన మనకు చేసిన మేలు. ఆ గ్రంథములో కొండచిలువ పెద్దపొడ. నేడు మనము రక్తపింజరి యను విషసర్పము కాటుకరేకుల పొడ. మచ్చల చుట్టు కాటుక దిద్దినట్లు నల్లని అంచుండుట చూచి ఆ పేరు పెట్టినవాడెవడో గాని, వానిది మంచి కన్ను.

రెండు పాములకును పొడ యను పేరే ఉండుట ఊరకే జరిగినది కాదు. రెండింటి ఒంటిమీదను మచ్చలే. ఆపద కూడ ఇక్కడనే ఉన్నది. కొండచిలువతో సరసమాడి చచ్చువారి సంఖ్య మన దేశములో అత్యల్పము. కొండచిలువ పిల్ల యనుకొని రక్తపింజరిని ముట్టుకొనుట మాత్రము ప్రాణాంతకమైన పొరపాటు. మూడడుగుల పొడల పాము కనబడినప్పుడు “పిల్ల కొండచిలువ” అను మాట ఎవరి నోటనైన వచ్చినచో, ఆ నోటిని నమ్మరాదు. రక్తపింజరి మచ్చలు అండాకారముగా, ఒకే తీరుగా, గొలుసు పేర్చినట్లు మూడు వరుసలుగా ఉండును. కొండచిలువ మచ్చలు ఏ రెండును ఒక పోలికగా నుండవు. చిత్రపటములోని దేశముల సరిహద్దులవలె వంకరటింకరగా నుండును. రక్తపింజరి పొలుసులు గరుకు, కొండచిలువ ఒళ్లు నునుపు. తలమీద బల్లెపు మొనవంటి గుర్తుండును. రక్తపింజరి బెదిరినప్పుడు కుక్కరు ఈల వేసినట్లు బుసకొట్టును. అయితే కొండచిలువయు బుసకొట్టగలదు కనుక చప్పుడును బట్టి తీర్పు చెప్పరాదు. ఈ గుర్తులన్నియు దూరము నుండి చూచుటకే గాని, పరీక్షింప దగ్గరకు పోవుటకు కాదు.

సంస్కృతమున దీనికి అజగరమని పేరు. మేకను మ్రింగునదని అర్థము. భారతములో నహుషుడు అగస్త్యుని శాపమువలన అజగరమై పడియుండి, భీమసేనునంతవానిని చుట్టి కదలనీయకుండ చేసెను; ధర్మరాజు ప్రశ్నలకు సమాధానములు చెప్పి తమ్ముని విడిపించుకొనెను. భాగవతములో ప్రహ్లాదునకు కనబడిన ముని ఆజగరవ్రతము పూనినవాడు. దొరికినది తినుట, దొరకనినాడు పడియుండుట, ఎవరిని యాచింపకుండుట ఆ వ్రతము. జంతుశాస్త్రము చదువని మన పూర్వులు ఈ ప్రాణి నడవడిని ఎంత సరిగా చూచిరో ఆ ఒక్క వ్రతము చెప్పుచున్నది. భీముని బలము పనికిరాకపోవుటయు ఊరక కల్పించినది కాదని ముందు తెలియును.

కొండచిలువ వేటాడు జంతువు గాదు, కాచుకొను జంతువు. దారిప్రక్కన ఆకులలో కలిసిపోయి గంటలకొలది, ఒక్కొక్కప్పుడు దినములకొలది కదలకుండును. దాని పెదవుల పొలుసులలో చిన్న చిన్న గుంటలు కలవు. అవి వేడిని కనిపెట్టు ఇంద్రియములు. చీకటిలో వెచ్చని రక్తముగల ప్రాణి దగ్గరకు వచ్చినచో కంటితో పనిలేకయే దానికి తెలియును. నాలుకతో వాసన పట్టును. వేడి, వాసన, కదలిక, ఈ మూడును కలిసినచో దాని లెక్కలో అది మేత. పట్టి, చుట్టి, బిగించును. ఊపిరాడక చచ్చునని చాలకాలము చెప్పుకొనిరి. బోవా యను దీని దూరపు బంధువుమీద చేసిన పరిశోధన 2015లో వెలువడిన తరువాత, ఆ పట్టులో ముందు ఆగునది రక్తప్రసారమని తెలిసినది. గుండె కొట్టుకొనుచున్నను రక్తము పోవలసిన చోటికి పోదు. కొన్ని క్షణములలోనే స్మృతి తప్పును. చుట్టబడినవాడు “ఇంకను ఊపిరి ఆడుచున్నదిగదా” అని ధైర్యపడుటకు వీలు లేదన్నమాట.

పెద్ద ఆహారము మ్రింగిన తరువాత దాని లోపల జరుగునది మరియొక వింత. బర్మా కొండచిలువ హృదయము భోజనానంతరము రెండుదినములలో 40 శాతము వరకు పెరుగునని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాలేయము, ప్రేగులు కూడ పెరుగును. అరుగుదల ముగిసిన పిదప అన్నియు మరల తగ్గును. ఇంత పనిలో నున్న పాము కదలలేదు. కదిలించినచో మ్రింగినది కక్కివేసి పారిపోవ చూచును. మేకపిల్లను మ్రింగిన కొండచిలువ చుట్టు ఊరంతయు మూగి కఱ్ఱలతో పొడిచినప్పుడు జరుగునదిదియే. మేకపిల్ల బ్రతుకదు, పాము చిక్కిపోవును, చూచినవారికి ఒక కథ మిగులును.

తల్లి కొండచిలువ సంగతి ఒకటి చెప్పక ముందునకు పోలేము. గ్రుడ్లు పెట్టి విడిచిపోవు పాములే ఎక్కువ. ఇది గ్రుడ్లచుట్టు చుట్టలు చుట్టుకొని, సుమారు రెండునెలలు మేత ముట్టక, ఒంటి కండరములను మాటిమాటికి అదిరించి వేడి పుట్టించి పొదుగును. 1841లో పారిసు జంతుశాలలో ఒక పాము ఇట్లు పొదుగగా వాలన్‌సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకముతో కొలిచి నిరూపించువరకు, చల్లని రక్తముగల ప్రాణికి ఇది సాధ్యమని పండితులు నమ్మలేదు. అటువంటి తల్లి దగ్గరకు పోయినప్పుడు దాని స్వభావము మామూలు కొండచిలువ స్వభావము కాదు. కరచును.

ఇక మచ్చిక సంగతి. కుక్కకు మచ్చిక కలదు. యజమాని అడుగుల చప్పుడునకు లేచును. ఎద్దునకు కలదు, పేరు పెట్టి పిలిచిన తల త్రిప్పును, ఆ రైతు లేనినాడు మేత సరిగా తినదు. ఇది మంద కట్టి బ్రతికిన జంతువులకు తరతరముల సహవాసమువలన అబ్బిన గుణము. కొండచిలువ మందగా బ్రతుకు ప్రాణి కాదు. దానికి మనమీద ప్రేమ లేదు. కోపమును లేదు. దానికి ఉన్నది అలవాటు. ఈ స్పర్శ ఆపద కాదు, ఈ వాసన మేత కాదు అని నేర్చుకొనును, అంతవరకే. పెంచువారు మచ్చిక యనుకొనునది ఈ అలవాటే. అలవాటునకును మచ్చికకును భేదమేమందురా? మచ్చికగల కుక్క ఆకలిగొన్నను యజమాని చేతిని ఎరుగును. అలవాటుపడిన పాము ఆకలిగొన్నచో చేతిని ఎరుగదు. చేతి వేడిని ఎరుగును.

మార్గశిరములో ఒకనాటి తెల్లవారుజామున మంచుకు తడిసి పడియున్న కొండచిలువను చూడుడు. ఎత్తినను కదలదు, చేతులలో గోనెత్రాడువలె వ్రేలాడును. “ఎంత సాధువు!” అని మన పెద్దమనిషి యనును. అది సాధుత్వము గాదు, చలి. దాని రక్తమునకు తన వేడి లేదు, ఎండనుండి తెచ్చుకొనవలెను. ఎనిమిది తొమ్మిది గంటల ఎండ సోకిన తరువాత అదే పాము, అవే చేతులు, నడవడి మాత్రము వేరు. ఉదయపు మెత్తదనము చూచి మధ్యాహ్నము మెడలో వేసికొన్నవానికి ఈ భేదము తెలియు పద్ధతి మంచిది కాదు.

అమెరికా, ఐరోపాలలో పెద్ద కొండచిలువలను ఇండ్లలో పెంచువారు చాలమంది కలరు. అక్కడ స్థిరపడిన మనవారి పిల్లలకును బడి స్నేహితుల ఇండ్లలో ఇవి కనబడుచుండును. వారి అనుభవములో జాతిజాతికి స్వభావభేదము కలదు. బర్మా కొండచిలువ నిదానము. చిన్ననాటినుండి చేతులలో పెరిగినచో మిక్కిలి నెమ్మదిగా నుండును. ఇండోనేషియా మొదలగు చోట్ల పెరుగు వలమచ్చల కొండచిలువ చురుకైనది, అన్నింటిలో పొడుగైనది, దానిని తేలికగా తీసికొనరాదు. ఆఫ్రికా కొండచిలువ చిటపటలాడు స్వభావము. మన దేశపుది బర్మా దానికి దాయాది, కాని అంత ఓర్పు లేనిదని పేరు.

అనుభవజ్ఞులైన పెంపకందార్లు దానిని నమ్మరు. దాని స్థితిని చదువుదురు. పెట్టె తెరచినంతనే చేయి పెట్టరు. మేత కూడ ఆ తలుపునుండియే వచ్చును గనుక, తలుపు తెరచిన చప్పుడే పామునకు భోజనపు గంట. ముందు వంకీకఱ్ఱతో ఒంటిమీద మెల్లగా తాకుదురు. అట్లు ప్రతిసారియు తాకగా, కఱ్ఱ తగిలిననాడు మేత లేదని దానికి అలవాటగును. కోడినో ఎలుకనో ముట్టుకొన్న చేతితో పామును తాకరు. ముందు సబ్బుతో కడుగుకొందురు. తాకిన తరువాతను కడుగుకొందురు, దాని ఒంటిమీది సూక్ష్మజీవులు విరేచనముల జబ్బు తెచ్చును గనుక. మేత తిన్న రెండు మూడు దినములు దాని జోలికి పోరు. కుబుసము విడుచుటకు ముందు దాని కన్నులు పాలవలె తెల్లబడును, చూపు మందగించి ప్రతి నీడకును బెదరును, అప్పుడును పోరు.

అన్నింటికంటె ముఖ్యమైనది: ఎనిమిది పదియడుగులు దాటిన పామును ఒంటరిగా ముట్టుకొనరు. అయిదడుగులకు ఒక మనిషి చొప్పున ఉండవలెనని వారి లెక్క. పట్టు బిగిసినప్పుడు తలదగ్గర లాగుట వృథా. తోకనుండి ఒక్కొక్క చుట్టగా విప్పవలెను. చుట్టబడినవాడు తన చేతులతో తానా పని చేసికొనలేడు, అందుచేతనే రెండవవాడు. కరచినచో చేయి గుంజుకొనరాదు. పండ్లు లోపలికి వంగి కొక్కెములవలె ఉండును గనుక గుంజినకొలది కండ చీలును. మెడలో వేసికొనుట మాత్రము, ఎంత చిన్న పామైనను, వారిలో తెలిసినవారెవరును చేయరు.

ఈ కడపటి మాటకు సాక్ష్యము మన దేశములోనే కలదు. 2018లో పశ్చిమ బెంగాలులోని జల్పాయిగుడి ప్రాంతమున మేకను పట్టిన పెద్ద కొండచిలువను ఒక అటవీ అధికారి పట్టుకొని, జనము ఫొటోలు తీయుచుండగా మెడచుట్టు వేసికొనెను. పాము బిగించెను. ప్రక్కనున్నవారు కలిసి విప్పినందున ఆయన బ్రతికెను. పాములు పట్టు వృత్తిలో నున్నవానికే ఇది జరిగినది. 2009లో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రములో ఎనిమిదడుగులు దాటిన పెంపుడు బర్మా కొండచిలువ రాత్రివేళ తొట్టినుండి బయటపడి, నిద్రించుచున్న రెండేండ్ల పసిబిడ్డను చంపెను. ఆ పాము సరియైన మేత లేక చిక్కియున్నదని విచారణలో తేలినది. ఆ ఇంటిలో దానిని సాధువనియే అనుకొనియుందురు. ఆకలి సాధుత్వము నెరుగదు.

ఫ్లోరిడాలోనే మరియొక కథ నడచుచున్నది. రెండడుగులప్పుడు ముచ్చటపడి కొన్న పాము నాలుగేండ్లలో పండ్రెండడుగులై, ఇల్లు చాలక, మేత ఖర్చు భరింపలేక, కొందరు దానిని ఎవర్‌గ్లేడ్స్ అను చిత్తడినేలలలో విడిచిపెట్టిరి. 1992లో వచ్చిన ఆండ్రూ తుపానులో పాములను పెంచు కేంద్రమొకటి ధ్వంసమై మరికొన్ని బయటపడినవి. అక్కడ వాటికి శత్రువులు తక్కువ. 2012లో ప్రకటించిన పరిశోధనలో, రాత్రివేళ దారులలో కనబడు రాకూనుల సంఖ్య 99 శాతము తగ్గినట్లు తేలినది. ఆ ఏడే అమెరికా ప్రభుత్వము బర్మా కొండచిలువల దిగుమతిని నిషేధించినది. వాటిని పట్టుటకు 2017లో తమిళనాటినుండి ఇరుళ తెగవారిద్దరిని పిలిపించిరి. వారు మొదటి రెండువారములలోపలనే పదుమూడింటిని పట్టిరి. మన యానాదులవలె వీరును తరతరములుగా పాముల జాడ చదివినవారు. గడ్డిమీద ఒరిపిడినిబట్టి పాము పోయిన దిక్కు చెప్పగలరు. మన దేశములో ఇటువంటివారి విద్యకు ఇంకను తగిన విలువ కట్టలేదని మా అభిప్రాయము.

చట్టము సంగతి క్లుప్తముగా చెప్పెదము. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమునందు మన కొండచిలువ మొదటి షెడ్యూలులో, పులితో సమానముగా ఉన్నది. పట్టుకొనుట, పెంచుట, అమ్ముట, చంపుట అన్నియు నేరములే. మూడేండ్లకు తగ్గని, ఏడేండ్లవరకు పోగల జైలుశిక్ష, దానిపైన జరిమానా. విదేశపు జాతులను ఉంచుకొనువారు 2022 నాటి సవరణను అనుసరించి 2024లో వచ్చిన నియమముల ప్రకారము ప్రభుత్వమున నమోదు చేయించుకొనవలెను. కనుక “నాలుగు కోడిపిల్లలు వేసి పెంచుకొందము” అను మాట తెలివితక్కువయే గాక నేరము కూడ.

అట్లయిన కొండచిలువ కనబడిన రైతు ఏమి చేయవలెను? చేయవలసినదానికంటె చేయగూడనిది ఎక్కువ. ముందుగా పిల్లలను, కుక్కలను దూరము చేయవలెను. పది పదునైదడుగుల దూరమున నిలిచినవానిని కొండచిలువ తరిమి వచ్చి పట్టదు. దానికి పరుగు లేదు. పొడువరాదు, తోక పట్టి లాగరాదు, గడ్డివామునకు నిప్పు పెట్టరాదు. కడుపు ఉబ్బియున్నచో అసలే కదిలింపరాదు. చేనిలోనో తూములోనో ఉన్నచో విడిచిపెట్టినను నష్టము లేదు. ఆ చేనిలో అది పట్టు పందికొక్కులకు మీరు మందు కొననక్కరలేదు. మేకల దొడ్డికో కోళ్లగూటికో మరగినచో మాత్రము సందులు మూసి, అటవీశాఖవారికి కబురు పంపవలెను. వారు వచ్చువరకు ఒకరిద్దరు దూరమునుండి కనిపెట్టియుండిన చాలును. మేకపిల్ల పోయినవాని బాధ చిన్నదని మేము చెప్పము. కాని పామును చంపినందువలన ఆ మేకపిల్ల రాదు, కేసు వచ్చును.

పట్టినవారికి ఒక మాట. పామును గుడ్డసంచిలో మూతి కట్టి నీడలో ఉంచవలెను. ఎండలో బండిమీద ఉంచినచో కొద్దిసేపటిలోనే చచ్చును. ఊరివారిని తృప్తిపరచుటకు దానిని ఎంతో దూరపు అడవికి కొనిపోవుట వాడుకయైనది. దూరమెక్కువైనకొలది మంచిదని జనము తలంతురు. ఎవర్‌గ్లేడ్స్‌లో ఆరు కొండచిలువలకు రేడియో గుర్తులమర్చి, పట్టినచోటునుండి 21 మొదలు 36 కిలోమీటర్ల దూరమున విడిచి చూచిరి. నెలలకొలది ప్రయాణము చేసి ఆరింట అయిదు తాము పట్టుబడిన తావునకు అయిదు కిలోమీటర్లలోపలికి తిరిగి వచ్చినవని 2014లో ప్రకటించిరి. చిల్లకల్లు పాము కొండపల్లి అడవిలో కుదురుగా నుండునని ఎవరును హామీ ఇవ్వలేరు. అది బయలుదేరినచో దారిలో రహదారి దాటవలెను, వందల లారీలు దాటవలెను. దొరికిన చేనికి దగ్గరగా, ఊరికి ఎడముగా, రాతిసందులును పొదలును ఉన్న గుట్టయొకటి చూచి, చీకటిపడిన తరువాత అక్కడ సంచి మూతి విప్పి, వెనుకకు నడచి వచ్చుట మేలు.